నాల్గో తేదీ కాగితం

మొన్న షుగర్ పరీక్షకు వెళ్ళాను. నర్సమ్మ దూది ముక్కను స్పిరిట్‌లో ముంచి మోచేతి మడత దగ్గర రుద్దింది. సూది ఇంకా తీయనే లేదు, నేను కళ్ళు మూసుకున్నాను. "ఏం సార్, ఈ వయసులో కూడా భయమా?" అని నవ్వింది. భయం కాదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. స్పిరిట్ వాసన తగిలితే అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు మాత్రం టేప్ రికార్డర్ గుర్తొస్తుంది. ఎట్లా చెప్పేది?

క్యాసెట్లతో బతికినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. టేపు ఏ లోహపు ముక్కను రాసుకుంటూ పోతుందో దాన్ని హెడ్ అంటారు. టేపు మీద ఉండే ఇనుప పూత కొంచెం కొంచెంగా రాలి ఆ హెడ్ మీద పేరుకుంటుంది. పేరుకున్నకొద్దీ పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి తుడవాలి. దూది గోధుమరంగులోకి మారుతుంది. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో పొద్దున్నే నా మొదటి పని అదే. మందులంగడి నుంచి తెచ్చిన స్పిరిట్ సీసా, ఒక దూది ఉండ, నేను.

బిల్లు కట్టేటప్పుడు రసీదు మీద తేదీ చూశాను. డిసెంబరు 4. ఇంక ఆ రోజంతా ఇంట్లోవాళ్ళు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పింది లేదు.

* * *

మా చిన్నాయనకు అనంతపురం పాత ఊర్లో మైక్ సెట్ అంగడి ఉండేది. టవర్ క్లాక్ నుంచి పాత ఊరి వైపు నడిస్తే ఎడమ చేతికి వచ్చేది. "ఇచ్చట మైక్ సెట్లు బాడుగకు దొరుకును" అని నీలిరంగు రేకు మీద తెల్లగా రాసి ఉండేది. తర్వాతి కాలంలో దాని కిందే "క్యాసెట్ రికార్డింగ్ చేయబడును" అని ఇంకో వరుస చేరింది. రెండో వరుస నేను రాసిందే. అందుకే అది కొంచెం కిందికి జారినట్టుంటుంది.

అంగట్లో గోడకు బోర్లించిన గొట్టం స్పీకర్లు, రెండు అహుజా ఆంప్లిఫయర్లు, కరెంటు లేని పల్లెలకు తీసుకుపోయేందుకు లారీ బ్యాటరీలు ఉండేవి. చెక్కపెట్టెలో గుడ్డ పరిచి నిలువుగా పేర్చిన ప్లేట్లు ఉండేవి. రికార్డులనే మాట మాకు లేదు, ప్లేట్లే. కుక్క బొమ్మ ఉన్నవి, లక్కతో చేసినవి. ఒక పక్కకు మూడు నిమిషాలు, మహా అంటే మూడున్నర. చేయి జారితే అప్పడం లెక్క ముక్కలైపోతాయి. ఎక్కువసేపు మోగే ఎల్.పి.లు వచ్చి వేరే దేశాలవాళ్ళు ఆ లక్క ప్లేట్లను అటకెక్కించాక కూడా మన దగ్గర అవి చాలా ఏళ్ళు తిరిగాయి. వాటి చీటీల మీద డమ్‌డమ్ అని ఉండేది. అది కలకత్తాలో ఒక పేట పేరు, ప్లేట్ల ఫ్యాక్టరీ అక్కడుందని నాకు పెద్దయ్యాకే తెలిసింది. అప్పటిదాకా అది డప్పు చప్పుడనే అనుకున్నాను.

పెండ్లిళ్ళు, జాతరలు, పీర్ల పండగ, నాటకాలు. గూగూడులో కుళ్ళాయిస్వామి పండగకు పోతే నాలుగు రోజులు ఇంటికి వచ్చేదే లేదు. వేపచెట్టు కొమ్మకు గొట్టాలు కట్టడం నా పని. చెట్టు ఎక్కేటంత సన్నగా ఉండేవాడిని మరి. కింద నుంచి చిన్నాయన "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటే, ఆయన గొంతు పక్క ఊరి కొండకు తగిలి ఇంకోసారి వచ్చేది. పండగ అక్కడితో మొదలైనట్టు. పూజారి తర్వాత.

* * *

చిన్నాయనకు దేవుళ్ళు ఇద్దరు. ఒకరు కదిరి నరసింహస్వామి. రెండోవారు ఘంటసాల.

డిసెంబరు 4 ఘంటసాల పుట్టినరోజు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టినాడని, చిన్నప్పుడే తండ్రి పోతే విజయనగరం పోయి, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని తిని సంగీతం నేర్చుకున్నాడని చిన్నాయన సొంత అన్న గురించి చెప్పినట్టు చెప్పేవాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయిన సంగతి ఇంకా గట్టిగా చెప్పేవాడు. ఎందుకంటే ఆ జైలు బళ్ళారిలోని అలీపురం జైలు. బళ్ళారి అంటే మాకు పక్క ఊరే. ఆంప్లిఫయర్ సామాన్లకు నెలకొకసారి బస్సెక్కి పోయేవాళ్ళం. బస్సు బళ్ళారిలోకి పోతూనే చిన్నాయన కిటికీలోంచి చేయి చాపి, "ఆపక్కనే రా, మనాయనను పెట్టింది" అనేవాడు. ప్రతిసారీ వేరే దిక్కు చూపించేవాడు. నేను ప్రతిసారీ చూసేవాణ్ణి.

ఇంకో గొప్ప కూడా ఉండేది. సినిమాలు తీసిన కె.వి. రెడ్డి పుట్టింది తాడిపత్రిలో. ఆయన తీసిన 'పాతాళభైరవి', 'మాయాబజార్' రెండింటికీ సంగీతం ఘంటసాలదే. చిన్నాయన లెక్కలో అవి విజయావాళ్ళ సినిమాలు కావు, మద్రాసు సినిమాలు కావు. "తాడిపత్రాయనవి". మా జిల్లావాడు పని చెప్తే ఘంటసాల చేసినాడు అన్నట్టు మాట్లాడేవాడు. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. చెప్తే టీ ఇప్పించడు.

నాల్గో తేదీ ఒక్క రోజు బాడుగ పని ఒప్పుకునేవాడు కాదు. మార్గశిర మాసం, ముహూర్తాల కాలం, రెండు మూడు పెండ్లిళ్ళు చేతిలోంచి జారిపోయేవి. చిన్నమ్మ ఆ రోజు పొద్దున నుంచే గిన్నెలు గట్టిగా పెట్టేది. ఆయన మాత్రం తలకు పోసుకుని, అంగడి తీసి, ఒక గొట్టాన్ని వీధిలోకి తిప్పి, మొదటి ప్లేటు పెట్టేవాడు. కొత్త ముల్లు. ఆ రోజు ప్రతి ప్లేటుకూ కొత్త ముల్లే. మామూలు రోజుల్లో అరిగేదాకా వాడేవాడు, అది వేరే సంగతి.

మొదటి ప్లేటు ఏదనేది పెద్ద టెన్షన్. 'పుష్పవిలాపం' ఆయనకు ప్రాణం. కరుణశ్రీ పద్యాలు ఘంటసాల చదువుతుంటే అవ్వ కూడా పూలు కోయడానికి జంకేది. కానీ పొద్దున్నే ఏడుపు వద్దని దాన్ని మధ్యాహ్నానికి దాచేవాడు. మొదటిది ఏటా మారేది. ఏది పెట్టాడో ఒక కాగితం మీద రాసేవాడు. ఆ కాగితం అంగట్లో రోజుకొకటి చించే క్యాలెండర్‌లోదే. మిగిలిన అన్ని తేదీలూ పొట్లాలకు, బీడీ ముట్టించడానికి పోయేవి. డిసెంబరు నాల్గో తేదీ కాగితం మాత్రం చించి, వెనక పెన్సిల్‌తో మొదటి ప్లేటు పేరు రాసి, బిల్లులు గుచ్చే ఇనుప కమ్మీకి గుచ్చేవాడు. ఏడాదికి ఒక కాగితం. కమ్మీ గూట్లో దేవుని పటం వెనక ఉండేది.

* * *

ఒక ఏడు మాత్రం మా వీధిలో పాట మోగలేదు. నేను చిన్న తరగతిలో ఉన్నాను. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన మరునాడు అది. 1971. అంగటి ముందు రేడియో పెట్టుకుని ముప్పై నలభై మంది నిలబడ్డారు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, అవి అయిపోతే ఇంగ్లీషు వార్తలు, అర్థం కాకపోయినా వినాల్సిందే. పేటలో ఒకరి కొడుకు సైన్యంలో ఉండేవాడు. వాళ్ళమ్మ మా అంగడి అరుగు మీద కూర్చుని, రేడియోను కాదు, రేడియో వింటున్న మగవాళ్ళ ముఖాలను చూస్తూ ఉండింది. ఆమె అట్లా కూర్చుని ఉంటే ప్లేటు ఎట్లా పెడతాడు? గొట్టానికి గుడ్డ కప్పేశాడు. అదే రోజు మన నౌకాదళం కరాచీ మీద దాడి చేసింది, ఇప్పటికీ ఆ తేదీని నేవీ డే అంటారు. మాకప్పుడు ఆ అరుగు మీది ఆమే యుద్ధమంటే. ఆమె కొడుకు క్షేమంగా వచ్చాడు లెండి, చాలా ఏళ్ళు బస్టాండులో సోడాల బండి పెట్టుకున్నాడు.

ఆ ఏటి కాగితం వెనక చిన్నాయన రాసింది రెండే మాటలు. "ప్లేటు లేదు. యుద్ధం."

* * *

ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరిలో. ఆ రోజు చిన్నాయన ఒక పెండ్లికి మైక్ సెట్ ఒప్పుకుని ఉన్నాడు. కబురు రేడియోలో విన్నాడు. అడ్వాన్సు తీసుకున్న పని కాబట్టి పోయాడు. గొట్టాలు కట్టాడు. నాదస్వరం ప్లేట్లు తప్ప ఇంకేం పెట్టలేదు. పెండ్లికొడుకు మేనమామ వచ్చి, "ఏమప్పా, పాటలు తేలేదా?" అని అరిచాడు. "తెచ్చినా. ఈపొద్దు పెట్టను" అన్నాడు చిన్నాయన. బాడుగలో సగం కోసుకుని ఇచ్చారు. ఇంటికి వచ్చి ఆ డబ్బులు చిన్నమ్మకు ఇస్తే ఆమె ఏమీ అనలేదు. గిన్నె చప్పుడు కూడా లేదు.

ఆయన పాడిపెట్టిన భగవద్గీత రికార్డు ఆయన పోయాక విడుదలైంది. మొదట్లో అది తెల్లవారుజాము పాట. హోటళ్ళలో పొయ్యి ముట్టించగానే పెట్టేవాళ్ళు. ఉగ్గాని వాసన, మిరపకాయ బజ్జీల నూనె వాసన, వాటితో పాటు గీత. తర్వాత్తర్వాత అది చావింటి పాట అయిపోయింది. ఇప్పుడు ఎక్కడైనా గీత వినపడితే జనం "ఎవరు పోయినారు?" అని అడుగుతున్నారు. చిన్నాయనకు ఇది బాగా కష్టం. చావింటికి మైక్ సెట్ అడగడానికి వచ్చినవాళ్ళతో, "సెట్టు ఇస్తాను, గీత క్యాసెట్ మీరే తెచ్చుకోండి" అనేవాడు. నాకూ అదే కష్టం. యుద్ధానికి లెయ్యిరా అని చెప్పిన మాటలను పడుకున్నవాడి పక్కన పెట్టడం ఏమిటో.

* * *

క్యాసెట్లు వచ్చాక అంగట్లో వెలుగు పెరిగింది. రెండు డెక్కులు, గోడ నిండా అరలు. జనం పాటల చీటీ తెచ్చేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే పక్కకు ముప్పై నిమిషాలు, ఏడో ఎనిమిదో పాటలు. చీటీలో ఉన్నవన్నీ పట్టించాలి. చివరి పాట మధ్యలో తెగిపోతే రెండ్రోజులు పోట్లాట. పాటల నిడివి కూడి, తీసి, వరుస మార్చి సరిపెట్టడం ఒక విద్య. లెక్కల్లో నేను గట్టివాణ్ణి కాదు, కానీ ముప్పై నిమిషాల్లో ఏవి పడతాయో చీటీ చూసి చెప్పేవాణ్ణి. చీటీల మీద చేతిరాతలను బట్టి ఎవరు ఎవరికి క్యాసెట్ చేయిస్తున్నారో కూడా తెలిసేది. ఆ రహస్యాలు ఇప్పటికీ చెప్పను. వాళ్ళందరికీ మనవళ్ళున్నారు.

ఇంగ్లీషు పాటలు అడిగేవాళ్ళు మాకు లేరు. ఒక్కడు తప్ప. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లాడు. గడ్డం, చేతిసంచి, కాళ్ళకు హవాయి చెప్పులు. బెంగళూరులో ఎవరి దగ్గరో ఎక్కించుకున్న క్యాసెట్ తెచ్చి ఇంకోదానిలోకి ఎక్కించమన్నాడు. నకలుకు నకలు, పాట కంటే గరగర ఎక్కువ. చిన్నాయన సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని హెడ్ పక్కన ఉన్న మరను పావు తిప్పు తిప్పాడు. గరగర వెనక్కి పోయి గిటార్ ముందుకొచ్చింది. పిల్లాడు నోరు తెరిచాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం మా అరుగు మీదే.

ఆ గిటార్ డీప్ పర్పుల్ అనే బ్యాండ్ వాళ్ళది. 'స్మోక్ ఆన్ ది వాటర్'. చిన్నాయన కాసేపు విని, "ఏం ఇంజనీరప్పా, ఇది చెప్పిందే చెప్తాంది?" అన్నాడు.

"అదే అన్నా దాని గొప్ప" అని పిల్లాడు కథ మొదలుపెట్టాడు. స్విట్జర్లాండ్‌లో మాంట్రో అని చెరువు ఒడ్డున ఒక ఊరు. చెరువంటే మన బుక్కరాయసముద్రం చెరువుకు తాత లాంటిది. అక్కడి క్యాసినోలో ఫ్రాంక్ జాపా అనే ఆయన కచేరీ. కచేరీ జరుగుతుండగా జనంలో ఒకడు నిప్పులు చిమ్మే తుపాకీ తీసి పైకప్పులోకి కాల్చాడు. మంట అంటుకుంది. కట్టడమంతా కాలిపోయింది. పాట రికార్డు చేసుకోవడానికి ఆ ఊరికి వచ్చి ఉన్న డీప్ పర్పుల్ వాళ్ళు చెరువు మీద కమ్ముకున్న పొగను చూశారు. కొన్నాళ్ళకు ఆ పాట కట్టారు.

చిన్నాయన డెక్ ఆపేశాడు. ఆయనకు ఇది పాట కథ కాదు, పని కథ. పందిట్లో తాగి తారాజువ్వ వదిలే మనిషి ప్రతి ఊర్లో ఒకడుంటాడు. ఎండిన కొబ్బరాకు పందిరి కింద ఆంప్లిఫయర్ పెట్టుకుని కూర్చునేవాడికి వాడే యముడు.

"ఎంతమంది పోయినారు?"

"ఎవరూ పోలేదన్నా. అందరూ బయటపడినారు."

"సామాన్లు?"

"వాద్యాలు, సౌండ్ సామాను అంతా కాలిపోయింది."

చిన్నాయన నోట్లో నుంచి వచ్చిన 'అయ్యో' ఇప్పటికీ నాకు గుర్తుంది. సొంత గొట్టాలు కాలినట్టు అన్నాడు. ఆ జాపాను వారం తిరక్కముందే లండన్‌లో ఎవడో వేదిక మీంచి కిందికి తోసేశాడని, నెలల తరబడి లేవలేకపోయాడని పిల్లాడు చెప్తే, "పాపం, ఏం గాశారమో ఆయనకు" అన్నాడు. తర్వాత, "ఎప్పటి మాట ఇది?" అని అడిగాడు.

"1971, డిసెంబరు 4."

చిన్నాయన లేచాడు. దేవుని పటం వెనక చేయి పెట్టి కమ్మీ తీశాడు. ఒక్కొక్క కాగితం ఎత్తి చూసి, ఆ ఏటి దాన్ని బయటికి లాగాడు. "ప్లేటు లేదు. యుద్ధం." పిల్లాడు తెలుగులో కూడబలుక్కుని చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, "అన్నా, దీని కింద రాయొచ్చునా?" అని అడిగాడు. చిన్నాయన తల ఊపాడు. వాడు చిన్న అక్షరాలతో మాంట్రో అని, మంట అని రాశాడు.

* * *

అక్కడినుంచి అదొక ఆట అయిపోయింది. పిల్లాడు లైబ్రరీల్లో, పాత ఇంగ్లీషు పత్రికల్లో నాల్గో తేదీలు ఏరుకొచ్చేవాడు. నాల్గో తేదీ దాటితే చిన్నాయన ఒప్పుకునేవాడు కాదు. రేడియో సిలోన్‌లో హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది 1952 డిసెంబరు 3న అని పిల్లాడు ఎంతో ఆశగా చెప్తే, "ఒక్క రోజు ఆగింటే ఏం పోయింది వాళ్ళకు?" అని చేయి విదిలించాడు. బుధవారం రాత్రి అమీన్ సయానీ గొంతు కోసం సిలోన్ స్టేషన్ ముల్లును వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చున్న మనిషే ఆయన కూడా. మధ్యాహ్నం అదే సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తే అన్నం తినేవాడు కాదు. అయినా రూలు రూలే.

1980 డిసెంబరు 4 దొరికింది. లెడ్ జెపెలిన్ అనే బ్యాండ్, డ్రమ్స్ వాయించే జాన్ బోనమ్ సెప్టెంబరులో చనిపోతే, ఇంక మేం ఇదివరకటిలా కొనసాగలేమని ఆ తేదీన ప్రకటన ఇచ్చింది. చిన్నాయనకు వాళ్ళ పాట ఒక్కటి కూడా నచ్చలేదు. కానీ ఈ సంగతి నచ్చింది. "డోలు కొట్టే ఆయన పోతే ఇంకొకన్ని పెట్టుకోకుండా అంగడి మూసేసినారా! మర్యాదస్తులు." కాగితం మీద రాయించాడు.

అన్నింటికంటే ఆయన మనసులో పడింది మెంఫిస్ కథ. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో సన్ అని చిన్న స్టూడియో, శామ్ ఫిలిప్స్ అనే ఆయనది. 1956 డిసెంబరు 4న కార్ల్ పెర్కిన్స్ అనే ఆయన అక్కడ పాట రికార్డు చేసుకుంటున్నాడు. పియానోకు జెర్రీ లీ లూయిస్ అనే కొత్త కుర్రాడు. అదే స్టూడియోలో మొదలై, ఏడాది ముందే పెద్ద కంపెనీకి వెళ్ళిపోయి దేశమంతా పేరు తెచ్చుకున్న ఎల్విస్ ప్రెస్లీ ఊరికే పలకరించి పోదామని వచ్చాడు. జానీ క్యాష్ కూడా ఉన్నాడు. అందరూ పియానో చుట్టూ చేరి, చిన్నప్పుడు చర్చిలో పాడుకున్నవీ, అప్పటి పాటలూ తోచినట్టు పాడుకున్నారు. సగం పాడి నవ్వుకోవడం, ఇంకోదానిలోకి పోవడం. రికార్డు చేయడానికి కాదు. కానీ లోపల ఉన్న ఇంజనీరు టేపు తిప్పుతూనే ఉన్నాడు. ఆ టేపు పాతికేళ్ళ దాకా బయటికి రాలేదు. వచ్చేసరికి ఎల్విస్ లేడు.

"ఎవరూ పాడమనకుండా, టేపు ఆపకుండా..." అని చిన్నాయన రెండు మూడు సార్లు అన్నాడు. ఆ రాత్రి అంగడి మూసేటప్పుడు కూడా అన్నాడు.

* * *

ఆ ఏటి నాల్గో తేదీ సాయంత్రం చిన్నాయన తొంభై నిమిషాల కొత్త క్యాసెట్ విప్పాడు. తొంభై అంటే మాకు ఖరీదైన సంగతి. మైకును బల్ల మీద సుద్దముక్కల డబ్బాకు ఆనించి, రికార్డు మీట నొక్కి, ఏమీ ఎరగనట్టు తన పని తాను చేసుకున్నాడు. నాకు ఒక్కడికే తెలుసు.

ఏం పడింది దాంట్లో? వెనక సన్నగా ఘంటసాల. చిన్నమ్మ బొరుగులు తెచ్చి, బాడుగ పోయినందుకు తిట్టిన తిట్లు. టీ పిల్లాడి గ్లాసుల చప్పుడు. ఇంజనీరు పిల్లాడు 'పుష్పవిలాపం'కు గిటార్ ఎట్లా వాయిస్తారో నోటితో చేసి చూపించడం, దానికి అవ్వ నవ్వు. అవ్వ పళ్ళు లేని నోటితో దంపుడు పాట ఒకటి సగం పాడి మరిచిపోవడం. శనక్కాయల బండి ఎద్దుల గంటలు. వీధి చివర ఎవరో ఎవర్నో, "యాడికి పోయినావురా ఇంతసేపు" అని అరవడం. అంతే. ఒక్కసారి విన్నాం, రాత్రి తలుపులు వేసుకుని, చిన్నాయనా నేనూ. రెండో పక్క అయిపోయేదాకా ఆయన బీడీ ముట్టించలేదు.

"వెనక బిళ్ళలు విరిచెయ్ రా" అన్నాడు. క్యాసెట్ వీపు మీద రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి. అవి విరిస్తే దాని మీద ఇంకేమీ ఎక్కదు. అట్లాగే అన్నాను. విరవలేదు. పొద్దున విరుద్దాంలే అనుకున్నాను.

డిసెంబరు అంటే అయ్యప్పస్వాముల కాలం. భజన క్యాసెట్లకు ఊపిరాడదు. రెండు వారాల తర్వాత, చిన్నాయన ఊర్లో లేనప్పుడు, ఏదో పల్లె నుంచి గురుస్వామి వచ్చి రాత్రికే కావాలన్నాడు. ఇరుముడికి టైమైంది. కొత్త క్యాసెట్లు ఒక్కటీ లేవు. అరలో పేరు రాయని తొంభై కనిపించింది. మిగిలింది మీరు ఊహించుకోండి. ఎక్కించడం అయిపోయి, చివర సరిగ్గా పడిందా లేదా అని రెండో పక్క ఆఖరుకు తిప్పి మీట నొక్కాను. భజన ఆగింది. టక్కుమని, "రేయ్, టీ చల్లారిపోతాంది" అని చిన్నాయన గొంతు.

నా వీపు చల్లబడింది. ఆఖరు మూడు నాలుగు నిమిషాలు మిగిలింది. గురుస్వామి బయట నిలబడి ఉన్నాడు, చేయి చాపి. ఇచ్చేశాను. కనీసం ఆ నాలుగు నిమిషాలైనా ఇంకోదానిలోకి ఎక్కించుకుని ఇవ్వాలని తోచలేదు. తప్పు చేసినవాడికి వస్తువు కంటికి కనపడకుండా పోతే చాలు.

చిన్నాయన ఆ క్యాసెట్ గురించి నన్ను ఎప్పుడూ అడగలేదు. కొన్నాళ్ళకు అవ్వ పోయినప్పుడు అరల దగ్గర నిలబడి ఒక్కొక్క క్యాసెట్ తీసి చూశాడు, చాలాసేపు. నేను కళాయి పట్టుకుని నీళ్ళు తెచ్చే నెపంతో బయటికి పోయాను. ఏ పల్లెలోనో, ఏ అటక మీదో, స్వామివారి భజన చివర మా అంగడి నాలుగు నిమిషాలు ఇంకా ఉండాలి. టేపు బూజు పట్టకపోతే.

* * *

పిల్లాడు చదువు అయిపోయి వెళ్ళిపోయాడు. పోయేరోజు చిన్నాయన కాళ్ళకు దండం పెట్టబోతే, "లేయ్ అప్పా, నీకేం నేర్పించినాను నేను" అని భుజం పట్టుకున్నాడు. రెండేళ్ళు ఉత్తరాలు రాశాడు, తర్వాత ఆగిపోయాయి. ఉద్యోగం, పెండ్లి, అందరిలాగే.

ఆ తర్వాత ఒక సంక్రాంతి దగ్గర ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. పొడిగా నాలుగు వరుసలు. అన్నా, బాగున్నారా. మాంట్రోలో మంటలప్పుడు పాడుతున్న ఆయన, ఫ్రాంక్ జాపా, క్యాన్సర్‌తో చనిపోయాడు. 1993 డిసెంబరు 4న. మీ కాగితం మీద రాయండి.

నేను చదివి వినిపించాను. చిన్నాయన ఆంప్లిఫయర్‌లో తల పెట్టి ఏదో అతికిస్తున్నాడు. సీసం పొగ లేస్తోంది.

"అదే తేదీకా?"

"అదే తేదీ చిన్నాయనా."

"ఎంత వయసు?"

"యాభై రెండు."

కాసేపు ఏమీ అనలేదు. సోల్డరింగ్ ఇనుమును గూటానికి ఆనించాడు. "మనాయన యాభై ఒకటి" అన్నాడు. చేతులు తుడుచుకుని, ప్లేట్ల పెట్టె దగ్గరికి పోయి, 'పుష్పవిలాపం' తీశాడు. అది నాల్గో తేదీ కాదు, మధ్యాహ్నమూ కాదు. కొత్త ముల్లు వేశాడు.

* * *

సీడీలు వచ్చాయి, ఎంపీత్రీలు వచ్చాయి, ఒక్క డిస్కులో నూట యాభై పాటలన్నారు. చీటీ రాసేవాడు లేడు. పెండ్లిళ్ళకు డీజేలు. అంగడి ఉన్న చోట ఇప్పుడు మొబైల్ రిపేరు చేస్తారు. చిన్నాయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. గీత పెట్టొద్దని ముందే చెప్పి ఉంచాడు కాబట్టి మేం పెట్టలేదు. వచ్చినవాళ్ళు కొందరు తప్పు పట్టారు.

కమ్మీ నా దగ్గరుంది. కాగితాలు అంచుల్లో పొడిపొడిగా రాలుతున్నాయి. చివరిది ఆయన చేతిరాతతో, అక్షరాలు వణికి, ఇనుప కమ్మీ చివర ఉంది. ఆ తర్వాత నేను గుచ్చలేదు. ఇంట్లో నెలకొకటి తిప్పే క్యాలెండర్ ఉంది, అదీ ఎవరూ తిప్పరు. ఫోన్‌లోనే తేదీ.

మొన్న పరీక్ష నుంచి వచ్చి, పడుకుని, లేచి, మరునాడు పొద్దున వీధి చివర కిరాణా అంగడికి పోయాను. అక్కడ గోడకు రోజుకొకటి చించే క్యాలెండర్ ఉంటుందని తెలుసు. ఐదో తేదీ కనిపిస్తోంది.

"నిన్నటి కాగితం ఉందా అప్పా?" అని అడిగాను.

"నిన్నటిదా? చించి పారేసినాను కదన్నా." నా ముఖం చూసి, బల్ల కింద నుంచి చెత్తబుట్ట లాగాడు. ఉల్లిపొట్టు, బెల్లం అంటిన అట్టముక్కలు, చిల్లర చీటీల మధ్య వెతికి, ఉండ చేసి ఉన్న కాగితం ఒకటి తీసి, బల్ల మీద అరచేత్తో సాపు చేశాడు. మూలన నూనె మరక.

"ఏముందన్నా దీంట్లో? రాహుకాలమా?"

"పెన్సిల్ ఉంటే ఇయ్యి" అన్నాను.